ఉదయగిరిసీమలోని వసంతపుటాటలు: పాత్రభాషావిచారము

ఉదయగిరియు ఆత్మకూరును నెల్లూరుమండలమునకుఁ బశ్చిమభాగమునఁ గల రెండు చిన్నపట్టణములు. ఒకటి వెలికొండలకుఁ జేరువను గిరిదుర్గముక్రింద వెలసినది. రెండవది పెన్నానదికి నుత్తరముగా నున్నది. చైత్రవైశాఖమాసములలో నీ ప్రాంతపుఁబల్లెలయందు రాత్రులు జరుగు తోలుబొమ్మలాటను, వీథినాటకమును, చెంచులక్ష్మికథను జూచినవారు పెక్కండ్రు. వానిని సాహిత్యచరిత్రలోఁ జేర్చి విచారించినవారు కొలఁదిమంది. ఈ సీమకు సాహిత్యచరిత్రలోఁ గల ప్రసిద్ధి వేఱొకదానివలన వచ్చినది. సంస్కృతమునందలి ప్రబోధచంద్రోదయమను నాటకము ఉదయగిరి మంత్రికి నంకితముగాఁ దెలుఁగునఁ గావ్యమైనది. అట్లు నాటకము కావ్యమైనచోట నాటకమునకు ముఖ్యమైన యొక ధర్మము లోపించినదనియు, లోపించిన యా ధర్మమును వీథిలోని యాటగాండ్రు నిలిపికొని వచ్చిరనియుఁ జూపుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము. ఆ ధర్మము పాత్రభాషాభేదము. అనఁగా నే పాత్రకుఁ దగిన భాషను ఆ పాత్రచేతఁ బలికించుట.

ఋతువును ప్రయోగమును

వసంతమునకును నాటకప్రయోగమునకును సంబంధము మిగులఁ బ్రాచీనము. కాళిదాసుని మాళవికాగ్నిమిత్రమున, వసంతోత్సవమునందు నాటకమును బ్రయోగింపుమని విద్వత్పరిషత్తు కోరినట్లు సూత్రధారుఁడు చెప్పును. శ్రీహర్షుని రత్నావళియు వసంతోత్సవమునఁ బ్రయోగింపఁబడినదే. దాని ప్రథమాంకమునకు మదనమహోత్సవమే వర్ణ్యవస్తువు. కృష్ణదేవరాయల జాంబవతీపరిణయము విరూపాక్షస్వామి చైత్రోత్సవమునకుఁ గూడిన జనులయెదుటఁ బ్రయోగింపఁబడినట్లు ప్రస్తావనవలనఁ దెలియుచున్నది. ఆ రాయలే 1514లో గజపతులవలన నుదయగిరిదుర్గమును గైకొని, యచ్చటి బాలకృష్ణవిగ్రహమును గొనిపోయి 1515లో విజయనగరమునఁ బ్రతిష్ఠించెను. ఇతరదేశములయందును నిట్టి యాచారము కలదు. ప్రాచీనగ్రీకులు ఏథెన్సునగరమున డయోనిససుదేవుని వసంతోత్సవమందే నాటకములపోటీలు జరిపిరి. సోఫొక్లిసు మొదలగువారి రూపకములు అట్టి యుత్సవములకొఱకు వ్రాయఁబడినవి.

శాస్త్రమున వసంతము మదనునికాలమని చెప్పఁబడుచున్నది. పల్లెయం దంతకంటె దృఢమైన కారణము కలదు. నెల్లూరుమండలమున నీశాన్యపు ఋతుపవనమువలన ఆశ్వయుజమునుండి మార్గశిరమువఱకు వానలు మెండు. వానకాలపుఁ బైరు కోఁతకు వచ్చి, కళ్ళము లెత్తి, గింజ యింటికిఁ జేరునప్పటికిఁ జైత్రము సమీపించును. అప్పుడు వానభయము లేదు, పొలముపని తక్కువ, పగటియెండకంటె రాత్రిచల్లదనము ప్రియము, ఆటగానికిఁ గొలిచి యిచ్చుటకు గాదెలో గింజ కలదు. ఇందుచేతనే ఉగాదినాఁటి పంచాంగశ్రవణముతోడను శ్రీరామనవమితోడను నాటలకు వేళ వచ్చును. వైశాఖమున నృసింహజయంతికి రాపూరునకుఁ జేరువనున్న పెంచలకోనయందు పెనుశిల నరసింహస్వామి యుత్సవములు జరుగును. ఉత్సవాంతమున నొకరిపై నొకరు పసుపునీరు చల్లుకొను వసంతమును ఆటయే యని చెప్పఁదగును.

ధాతువిచారము

ఆటయను పదమును గూర్చి విచారింపక ముందునకుఁ బోవుట తగదు. ఇట్టి విచారమున కుదయగిరిరాజ్యమే తగిన చోటు. విజయనగరపు సంగమవంశమువారిలో నీ రాజ్యము నేలిన కంపరాజునకును, అతని కుమారుఁడైన రెండవ సంగమునకును సాయణాచార్యుఁడు మంత్రిగా నుండెను. వేదభాష్యములచేఁ బ్రసిద్ధుఁడైన యా మహానుభావుఁడే మాధవీయధాతువృత్తిని సంగమరాజుకాలమున రచించెను. అతని తమ్ముఁడు భోగనాథుఁడు 1356 నాఁటి బిట్రగుంట శాసనమును రచించిన కవి. కావున ధాతువులయర్థమును దూఁచి చూచు పాండిత్య మీ రాజ్యమునకుఁ గ్రొత్త కాదు.

ధాతుపాఠమున నటధాతువును నృతిధాతువును వేఱువేఱుగాఁ బఠింపఁబడినవి. వాక్యార్థమును అభినయించుట నాట్యమనియు, పదార్థమును అభినయించుట నృత్యమనియు, అర్థాపేక్ష లేక యవయవములను గదలించుట నృత్తమనియు భట్టోజిదీక్షితులు సిద్ధాంతకౌముదియందు వివేచించిరి. దశరూపకకారుఁడగు ధనంజయుఁడును నాట్యము రసము నాశ్రయించినదనియు, నృత్యము భావమును, నృత్తము తాళలయములను నాశ్రయించినవనియుఁ జెప్పెను. ఇట్లు సంస్కృతమున మూఁడుపేళ్ళతో వేఱుపఱుపఁబడిన క్రియలకుఁ దెలుఁగున నొక్కటే ధాతువు కలదు. అది 'ఆడు' ధాతువు. నాట్యమాడు, నాటకమాడు, చిందులాడు, బొమ్మలాడించు ననుచో నీ ధాతువే. అంతియకాదు, పలుకుటకును నిదియే: మాటలాడు, ఆడితప్పు, ఆడినమాట. కన్నడమునను నీ ధాతువునకుఁ గదలికయు మాటయు రెండును నర్థములు.

ఇది భాషయొక్క దారిద్ర్యమని కొందఱు తలంపవచ్చును. అట్లు కాదు. వాగభినయమును ఆంగికాభినయమును వేఱుచేయని యొక ప్రదర్శనము తెలుఁగువారికి మొదటినుండియు నున్నదనుటకు నీ ధాతువు సాక్షి. తోలుబొమ్మలాటలో నొక్కఁడే బొమ్మను ఆడించును, దాని మాటను ఆడును. ప్రేరణార్థకమునకును మూలధాతువునకును నచ్చట కర్త యొక్కఁడే. సంస్కృతమున దృశ్యము, శ్రవ్యము అను విభాగము కావ్యమునకుఁ జెప్పఁబడినది. ఆటను ఆ రెంటిలో నొకదానియం దిముడ్చుటకుఁ బ్రయత్నించునపుడే మన సాహిత్యచరిత్రలోఁ జిక్కు కలుగుచున్నది.

నాటకము కావ్యమైన విధము

పదునేనవశతాబ్దము చివరిభాగమున గజపతులకు లోఁబడి తమ్మభూపాలుని కుమారుఁడైన బసవభూపాలుఁ డుదయగిరిని బాలించెను. అతనియాస్థానముచుట్టును మంచికావ్యములు వెలసినవి. దూబగుంట నారాయణకవి పంచతంత్రమును బసవభూపాలున కంకిత మిచ్చెను. దుగ్గుపల్లి దుగ్గన నాచికేతోపాఖ్యానము నచ్చటి మంత్రి కంకిత మిచ్చెను. నంది మల్లయయు ఘంట సింగయయుఁ గలిసి ప్రబోధచంద్రోదయమును దెనిఁగించి గంగయమంత్రి కంకిత మిచ్చిరి. ఈ జంటకవులే వరాహపురాణమును గృష్ణరాయల తండ్రియగు నరసనాయకునికిఁ గృతి యిచ్చినవారు.

మూలమగు సంస్కృతనాటకమును రచించినవాఁడు కృష్ణమిశ్రుఁడు. కీర్తివర్మయను చందేలరాజు చేదిరాజగు కర్ణునిపై సాధించిన విజయముతోడి సంబంధముచే నది పదునొకండవశతాబ్దమునకుఁ జెందినదని నిర్ణయింపఁబడినది. అందు పాత్రలు మనుష్యులు గారు. మనసునకుఁ బ్రవృత్తియందుఁ బుట్టిన మహామోహుఁడును, నివృత్తియందుఁ బుట్టిన వివేకుఁడును బ్రతిపక్షులు. కాముఁడు, రతి, దంభుఁడు, అహంకారుఁడు, చార్వాకుఁడు, క్షపణకుఁడు, భిక్షువు, కాపాలికుఁడు, శాంతి, కరుణ, విష్ణుభక్తి మొదలగువారు వచ్చిపోవుదురు. వివేకునకు నుపనిషత్తుతోడి సమాగమముచే విద్యయుఁ బ్రబోధుఁడును బుట్టుట కథాంతము. శాస్త్రవిషయ మెంత గహనమైనను, ప్రయోగమునఁ జార్వాకుని వాదమును, దంభుని యాడంబరమును జూచి సామాన్యులును నవ్వుదురు. అది కృష్ణమిశ్రుని నేర్పు.

ఇట్టి నాటకము తెలుఁగుకావ్యమగునపుడు కలిగిన మార్పులను వ్యాకరణదృష్టితోఁ బరిశీలింపవలెను. మొదటిది: నాందియుఁ బ్రస్తావనయుఁ బోయి, యవతారికయు షష్ఠ్యంతములును వచ్చినవి. సూత్రధారుని స్థానమునఁ గవి నిలిచెను. సభాసదుల స్థానమునఁ గృతిపతి నిలిచెను. రెండవది: ప్రవేశము, నిష్క్రమణము, స్వగతము, జనాంతికము మొదలగు రంగనిర్దేశములు కథనవాక్యము లయ్యెను. నాటకమున వర్తమానముగాఁ గన్నులయెదుట జరుగు క్రియ కావ్యమున భూతకాలమునకుఁ బోయెను. ఉత్తమపురుషమునఁ బలికిన పాత్రను గూర్చి ప్రథమపురుషమునఁ గవి చెప్పెను. ఈ రెండు మార్పులును గావ్యధర్మమున కనుగుణములే, వానిని దోషములనరాదు.

మూఁడవమార్పు ముఖ్యమైనది. సంస్కృతనాటకమున నందఱు నొకేభాషను మాటలాడరు. రాజులును బ్రాహ్మణులును సంస్కృతమును, స్త్రీలు శౌరసేనిని, నీచపాత్రలు మాగధి మొదలగువానిని బలుకుట నియమము. కృష్ణమిశ్రుని నాటకమునను రతి ప్రాకృతమును బలుకును; క్షపణకుఁడు మాగధిని బలుకును. ఒకనిమాట వినఁగనే వాఁడెవఁడో తెలియుట ప్రేక్షకునికి లాభము. తెలుఁగుకావ్యమునందన్ననో, కాముఁడును రతియు, వివేకుఁడును క్షపణకుఁడును నొకే వృత్తములతో, నొకే శబ్దానుశాసనమునకు లోఁబడి మాటలాడుదురు. వారిమాటలకు భేదము కలిగినచో నది భావమునఁ గలుగును గాని భాషయందుఁ గలుగదు. ఆకాలముననే పిల్లలమఱ్ఱి పినవీరభద్రుఁడు రచించిన శృంగారశాకుంతలమును నిట్టిదే. అందు దుష్యంతునిమాటకును బల్లెవానిమాటకును వ్యాకరణమున భేదము లేదు.

ఇచ్చట నొక శంక పొడమవచ్చును. తెలుఁగువారికి నాటకప్రయోగ మెఱుకలేదు గనుకనే కవులు నాటకములను గావ్యములుగా మార్చిరా? కాదనుట కాధారములు గలవు. పాల్కురికి సోమనాథుఁడు పండితారాధ్యచరిత్రమునందలి పర్వతప్రకరణమున శ్రీశైలమునఁ జేరిన భక్తులు శివరాత్రినాఁడు జాగరము సేయుచు నాడిన బహువిధములగు నాటలను బేర్కొనెను; తెరమఱుఁగునఁ గథలను జూపుటయు నందుఁ గలదు. వినుకొండ వల్లభరాయఁడు క్రీడాభిరామమును వీథియను రూపకభేదముగాఁ జెప్పికొనెను. కొండవీటి కుమారగిరిరెడ్డి వసంతోత్సవములచేఁ బ్రసిద్ధుఁడు. అతని పేర వసంతరాజీయమను నాట్యశాస్త్రగ్రంథము వెలసినది, కాటయవేముఁడు కాళిదాసుని మూఁడు నాటకములకును వ్యాఖ్యానము రచించెను. కావున నాటకవిజ్ఞానము లేకపోలేదు. నాటకవిజ్ఞానము సంస్కృతమున నిలిచినది, ఆట తెలుఁగున నిలిచినది, ఈ రెంటికి నడుమఁ దెలుఁగుకావ్య మొకటి పద్యమై నిలిచినది.

యక్షగానము

ఈ నడిమిస్థలమును బూరించినది యక్షగానము. ఉదయగిరికి నీశాన్యమునఁ గల కందుకూరునకుఁ జెందిన రుద్రకవి సుగ్రీవవిజయమును రచించి యచ్చటి జనార్దనస్వామి కంకిత మిచ్చెను. లభించిన సమగ్రయక్షగానములలో నది మొదటిదిగా గణింపఁబడుచున్నది. అందు త్రిపుట, జంపె, ఏకతాళము మొదలగు తాళములకు నడచు దరువులు, కథాసంధానమునకు ద్విపదలు, నడుమ నడుమ నేలలును ధవళములును గలవు. అప్పకవి 1656 ప్రాంతమున రచించిన లక్షణగ్రంథమున రగడభేదములవలన యక్షగానప్రబంధములు పుట్టునని చెప్పెను. లాక్షణికుఁ డిట్లు తాళమును బట్టి లక్షణము చెప్పెను. ప్రయోగమును గూర్చి చెప్పలేదు. పుటలో నున్నది పద్యమే గనుక పండితులును గ్రమముగా యక్షగానమును జిన్నకావ్యముగా నెంచుట కలవాటుపడిరి.

పుటలోని యక్షగానమును బ్రయోగముతోఁ బోల్చి చూచినయెడల నొక విశేషము స్పష్టమగును. తెర యొత్తి పాత్ర వెలువడునపుడు ఆ పాత్ర వచ్చుచున్నదనియు, దాని సొగసిట్టిదనియుఁ దఱచుగాఁ బ్రథమపురుషమునఁ బాడుదురు. పాత్ర యెదుట నిలిచి యున్నను గథకుఁడు మాటాడును. వెంటనే యా పాత్రయే యుత్తమపురుషమున సంవాదము నడపును. కావ్యమునందలి కథనము, నాటకమునందలి సంవాదము, నృత్తమునందలి యడుగు నొక్కచో నిమిడినవి. పైని చెప్పిన యాడుధాతువుయొక్క సమస్తార్థమును నిచ్చట సాక్షాత్కరించుచున్నది. నంది మల్లయ ఘంట సింగయలు నాటకమును గథనముగా మార్చుటయుఁ దెలుఁగువారికి సహజమైన యీ మార్గముననే పోయినదని చెప్పవచ్చును. అయితే వారిచేతఁ గథనము మిగిలినది, ఆట తొలఁగినది.

తెరవెనుక భాష

తోలుబొమ్మలాటను బరిశీలించినచోఁ బాత్రభాషావిభాగము విశదముగాఁ గనఁబడును. రాయలసీమనుండి నెల్లూరివఱకు నీ విద్యను బరంపరగాఁ గాపాడినవారిలో నింట మరాటీభాషను మాటలాడు కుటుంబములు పెక్కులు గలవు. వారు తెలుఁగుద్విపదను దెలుఁగువారికి వినిపించుట గమనింపఁదగినది. మేఁక మొదలగు జంతువుల చర్మములను బలుచగాఁ జేసి, పారదర్శకమగునట్లు చేసి, రంగులు వేసి, యలంకారస్థానములఁ జిల్లులు పొడిచి బొమ్మలను జేయుదురు. తెల్లని తెర గట్టి, వెనుక దీపము లుంచి, బొమ్మను దెరకుఁ జేర్చి యాడింతురు. వినాయకుని స్తుతితో మొదలిడుదురు. మృదంగము, తాళములు, హార్మోనియము తోడ్పడును. కాలిక్రింది బల్లను ద్రొక్కి యుద్ధఘోషమును బుట్టింతురు. రామాయణకథకు రంగనాథరామాయణద్విపద ముఖ్యాధారము. ఆట రాత్రియంతయు సాగి తెల్లవాఱుజామునకు ముగియుట పూర్వపు మర్యాద.

ఇందు రాముఁడును సీతయు రావణుఁడును మాటలాడునపుడు ద్విపదయు, పద్యమును, సంధులతోఁ గూడిన వచనమును వినఁబడును. వారి వెంట నే కాలమునకుఁ జెందనివారు, అన్ని కథలకుఁ జెందినవారు కొందఱు వత్తురు: జుట్టుపోలిగాఁడు, బంగారక్క, కేతిగాఁడు. వీరు మాటలాడునది ఆ యూరిభాష. ఆత్మకూరుదగ్గఱ నాడిన యాటలో నాత్మకూరుమాట, కడపదారినిఁ బోయి యాడిన యాటలోఁ గడపమాట. లంకలో యుద్ధము జరుగుచుండఁగా వీరు నడుమ దూరి నాఁటి గింజధరను, చెఱువుగట్టు తెగుటను, అత్తకోడండ్ర తగవును జెప్పి నవ్వింతురు. విదూషకుని పని యిది. ప్రాకృతముయొక్క పనియు నిదియే. రాజసభలోని నాటకమునఁ బ్రాకృతము సాధించిన పాత్రవివేకమును జదువురాని తోలుబొమ్మలవాఁడు తన యూరిమాటతో సాధించుచున్నాఁడు. ఉదయగిరి మంత్రి కంకితమైన కావ్యమున లోపించిన ధర్మ మది. ఉదయగిరిసీమ వీథిలో నది నేఁటికిని సమసిపోలేదు.

చెంచులక్ష్మికథ దీనికి మఱియొక నిదర్శనము. నరసింహస్వామి చెంచుకన్యను వరించిన కథ యహోబిలమునకును బెంచలకోనకును సామాన్యము. పెంచలకోనయం దిరువురును శిలారూపమునఁ బెనవైచికొని యుండుటచేఁ బెనుశిల యను పేరు గలిగెనని స్థలమువారి వాడుక. ఓబయమంత్రి గరుడాచలమను యక్షగానము నీ కథకుఁ బ్రసిద్ధరూపము. ఆటలో నాదిలక్ష్మికిని జెంచితకును సవతితగవు నడచును. ఆదిలక్ష్మి మర్యాదగలభాషను బలుకును. చెంచిత యడవిమాటను బలుకును. వాదమునఁ జెంచితది పైచేయి యగుట ప్రేక్షకులకుఁ బ్రీతి. భాషలు రెండు లేనిచో నీ తగవునకు రుచి లేదు. దేవునియెదుట నడవిమాటకును విలువ గలదను నర్థమును లేదు.

ఆటవలనఁ గలిగిన న్యాయము

పాత్రభాష కేవలము హాస్యమునకే యుపయోగించునదని తలంపరాదు. వెలికొండలకుఁ బడమట సిద్ధవటసీమ గలదు. ఆ సీమను సంబెట గురవరాజు పాలించుచుండఁగా, పన్నుసొమ్ముకొఱకు స్త్రీలను హింసించుటను దారినిఁ బోవుచున్న కూచిపూడి భాగవతులు చూచిరనియు, వారు విజయనగరమునకుఁ బోయి వీరనరసింహరాయలయెదుట నాడిన యాటలో నొకఁడు గురవరాజు వేషమును, కొందఱు బంట్ల వేషమును, ఒకఁడు బాధపడు స్త్రీవేషమును ధరించి యా కృత్యమును బ్రదర్శించిరనియు, రాయలు విషయము నెఱింగి సైన్యమును బంపి గురవరాజును శిక్షించెననియు మాచుపల్లి కైఫియతు చెప్పుచున్నది. కూచిపూడి భాగవతుల పేరు కనఁబడు ప్రాచీనాధారములలో నిది ముఖ్యమని చరిత్రకారులు దీనిని విరివిగా నుదాహరించుచున్నారు.

కైఫియతులు పందొమ్మిదవశతాబ్దారంభమునఁ గర్నలు మెకంజీ సేకరించిన స్థానికచరిత్రలు. వానిలోని ప్రతివాక్యమును శాసనమువలె గ్రహింపరాదు. అయినను జనులు తమ యాటగాండ్రను గూర్చి యేమి విశ్వసించిరో యిందు స్పష్టము. కావ్యము కృతిపతిని బొగడును. ఆట రాజునకుఁ దెలియని దానిని దెలుపును. ఆ రాత్రి భాగవతు లాడిన మాటలు తాటియాకున కెక్కలేదు. అవి రాజాస్థానపు భాషలో నుండినచో రాయలు విని మెచ్చికొనియుండును. బాధపడిన స్త్రీయొక్కయుఁ, గొట్టిన బంటుయొక్కయు మాటలలో నుండుటచేతనే విని చలించియుండునని యూహించుట యుక్తము. పాఠము పోయినది, ఫలము నిలిచినది.

శాస్త్రులవారి సమర్థనము

వీథిలో నిలిచిన యీ ధర్మమును మరల గ్రంథమున కెక్కించిన గౌరవము వేదము వేంకటరాయశాస్త్రులవారిది (1853–1929). వారు 1897లోఁ బ్రకటించిన ప్రతాపరుద్రీయనాటకమున నుత్తమపాత్రలచే గ్రాంథికమును, చాకలి పేరిగాఁడు మొదలగువారిచే వారివారి మాటను బలికించిరి. 1899లో నెల్లూరియం దాంధ్రభాషాభిమానిసమాజమును స్థాపించి నాటకములను బ్రయోగింపించిరి. నాటకమున గ్రామ్యమును బ్రయోగించుట తగునా యని యాక్షేపములు పుట్టఁగా శాస్త్రులవారు సంస్కృతనాటకములందలి ప్రాకృతమును దృష్టాంతముగాఁ జూపి సమర్థించిరి. వ్యవహారభాషావాదమునఁ జేరక గ్రాంథికభాషను గాపాడఁజూచిన పండితుఁడే పాత్రోచితభాషను నాటకమున కావశ్యకమనుట విశేషము. వారి వాదము శాస్త్రమువలనఁ బుట్టినదే. కాని దానికి లక్ష్యము తెలుఁగునేలలోఁ దొల్లియే కలదు. శాస్త్రము చూపిన దారిని శాస్త్రులవారు నడచిరి; శాస్త్రము చదువనివారు నంతకుమున్నే యా దారిని నడచియుండిరి.

గ్రామ్యము వ్యాకరణమునకు లోఁబడనిది గదా, దానిని గ్రంథమునఁ జేర్చుట భాషను జెఱుచుట కాదా యని యింకొక శంక. గ్రామ్యమును గవి తన మాటగాఁ బలుకుట వేఱు, పాత్రమాటగా ననుకరించుట వేఱు. అనుకరణమున ననుకార్యమెట్లున్నదో యట్లే యుండవలెను గాని సంస్కరింపఁబడరాదని శాబ్దికులకుఁ దెలియనిది కాదు. చిన్నపిల్లవాఁడు తప్పుగాఁ బలికిన మాటను జూపుటకు నా తప్పుమాటనే పలుకవలెను. దానిని దిద్దినచో జూపఁదలఁచినదే పోవును. చాకలివానిచేతఁ బరిషత్తుభాషను బలికించుట భాషకు మేలు సేయుట కాదు, చాకలివానిని నాటకమునుండి వెడలఁగొట్టుట.

నేఁటి స్థితి

సినిమాయుఁ దరువాత టెలివిజనును వచ్చినపిమ్మట రాత్రియాటలకు నాదరము తగ్గినది. బొమ్మలాటకుటుంబములు పలువురు వేఱువృత్తుల కేగిరి. అనంతపురప్రాంతమునఁ గల నిమ్మలకుంటయందుఁ దోలుపనితనము నిలిచినది. అచ్చటి దళవాయి చలపతిరావుగారికి 2020లోఁ బద్మశ్రీపురస్కారము లభించినది. అచ్చటివారు తోలుతో దీపములకుఁ గప్పులను, గోడకుఁ దగిలించు చిత్రములను జేసి యమ్ముచున్నారు. విద్య యొకవిధముగ బ్రదికినందులకు సంతసింపవలసినదే. అయినను గమనింపవలసినదొకటి: తోలు నిలిచినది, మాట నిలుచుటలేదు. బొమ్మను వస్తుశాలలో భద్రపఱుపవచ్చును. బంగారక్క నోటిమాటను భద్రపఱుచువారు లేరు. ద్విపద పోయినను రంగనాథరామాయణము ముద్రితమై యున్నది గనుక మరలఁ దెచ్చుకొనవచ్చును. హాస్యపాత్రల మాట యే గ్రంథమునను లేదు; అది యాటగానితోడనే పుట్టును, ఆటగానితోడనే పోవును.

ఇంతవఱకు యక్షగానప్రతులను సేకరించినవారు పాటలను, ద్విపదలను దెచ్చి, వచనభాగమును దఱచుగా విడిచిరి. లభించిన వచనమును ముద్రణవేళ శుద్ధముగా దిద్దిరి. శ్రద్ధతోఁ జేసిన దిద్దుబాటే యయినను, దానివలనఁ బాత్రభాష నశించినది. ఇఁకఁ జేయవలసినపని కష్టమైనది కాదు. ఉదయగిరి ఆత్మకూరు ప్రాంతములఁ బనిచేయు పాఠశాలాపండితులు చైత్రవైశాఖములలోఁ దమ యూర నాట యాడినపుడు, కథను దెలిసికొనుటకుఁ గాక మాటను దెలిసికొనుటకుఁ బోవలెను. ఏ పాత్ర యే భాషను బలికినది, ఎచ్చటఁ బద్యమునుండి మాటకు దిగినది, ఎచ్చటఁ బ్రథమపురుషము నుత్తమపురుషముగా మాఱినది యను మూఁడంశములను గుఱించుకొనవలెను. నేఁడు శబ్దమును ముద్రించు యంత్రములు సులభములు గనుక విన్నది విన్నట్లు నిలుపవచ్చును. ఉచ్చారణమును దిద్దక వ్రాయుట యిందుఁ బ్రధాననియమము. అర్థము కాని మాటను విడువక, యే యూర నెవరివలన వినఁబడినదో ప్రక్కన వ్రాయుట రెండవనియమము. విద్యార్థులకు నిట్టిపని నొప్పగించినచో వ్యాకరణమును గ్రొత్తదృష్టితోఁ జదువుట కది దారి యగును.

నంది మల్లయ ఘంట సింగయల కావ్యమునకుఁ గల గౌరవ మిందువలనఁ దగ్గదు. గహనమైన వేదాంతనాటకమును బద్యమునఁ దెలుఁగువారికి సుగమముగాఁ జేసిన పుణ్యము వారిది. ఆ కావ్యము గ్రంథాలయమున నుండును. చదువువారు వచ్చువఱకు వేచియుండును. ఆట యట్లు వేచియుండదు. ఒకే సీమయం దొకకాలమునఁ గావ్యమును ఆటయు నొకదాని నొకటి యెఱుఁగక ప్రక్కప్రక్కను బ్రదికినవి. రెంటిని జేర్చి చూచినప్పుడే తెలుఁగున నాటకము లేకుండెనను మాటలో నెంత సత్య మున్నదో, యెంత యసత్య మున్నదో తేలును. విజ్ఞులు పరిశీలింతురు గాక.